మట్టం ఆగింది, వేగం ఆగలేదు: డెరివేటివ్ సెన్సర్‌తో ఏడాదిన్నర

ట్యాంకు మూతకు నీటిమట్టం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ బిగించి, దాని కొలతల మీద హోమ్ అసిస్టెంట్ (ఇంటి పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్)లోని డెరివేటివ్ సెన్సర్, అంటే విలువ ఎంత వేగంగా మారుతోందో లెక్కగట్టే సెన్సర్, పెట్టుకుని ఏడాదిన్నర దాటింది. నాకు అది కావలసింది ఒకే పనికి: మోటారు తిరుగుతున్నా మట్టం పెరగకపోతే సంపు ఖాళీ అయిందని గ్రహించి మోటారు ఆపేయాలి.

అమర్చడం ఐదు నిమిషాల పని. మొదట వేగం యూనిట్‌ను గంటగా, టైమ్ విండోను (ఎంతసేపటి కొలతల సగటు తీసుకోవాలన్నది) సున్నాగా వదిలేశాను. నీళ్లు పడుతున్నప్పుడు అలల వల్ల పది సెకన్లలో కొలత ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయ్యేది. లెక్క ప్రకారం అది గంటకు 360 సెంటీమీటర్ల వేగం! నా ట్యాంకు లోతే 120. యూనిట్‌ను నిమిషానికి మార్చి, విండో 5 నిమిషాలు పెట్టాక గీత కుదురుకుంది. మోటారు నడిచినంతసేపూ నిమిషానికి 2 సెంటీమీటర్ల దగ్గరే నిలిచేది. ఆ రోజుల్లో అడిగినవారికీ అడగనివారికీ ఇది పెట్టుకోమని చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకుంటున్నాను.

ఒక మధ్యాహ్నం సంపు నిజంగానే ఖాళీ అయింది. వేగం 0.5 కన్నా తగ్గి మూడు నిమిషాలు గడిస్తే మోటారు ఆగాలన్నది నేను రాసుకున్న నియమం. ఆగలేదు. నలభై నిమిషాల తర్వాత కాలిన వాసన వస్తే పరుగెత్తి స్విచ్ కట్టేశాను. పంపులోని సీలుకు చల్లదనం, జారుడు ఇచ్చేది నీరే. అది లేక సీలు పాడైంది, షాఫ్టు పక్కనుంచి నీరు కారడం మొదలైంది.

రాత్రి గ్రాఫు తెరిచి చూస్తే కోపం ఆగలేదు. మట్టం 71 దగ్గర గీత గీసినట్టు నిలిచిపోయింది. దాని కిందే వేగం 1.9 దగ్గర అంతే తిన్నగా సాగుతోంది. నేను వాడుతున్న వెర్షన్‌లో మూల విలువ మారినప్పుడే వేగాన్ని మళ్లీ లెక్కిస్తారు. విలువ మారలేదంటే లెక్కే లేదు, చివరి అంకె అలాగే ఉండిపోతుంది. అదే విలువ మళ్లీ మళ్లీ వచ్చినా దాన్ని మార్పుగా తీసుకోదు. విండో కూడా కొత్త విలువ వస్తేనే ముందుకు జరుగుతుంది. అంటే నాకు అది అత్యవసరమైన ఒకే ఒక్క పరిస్థితిలో, నీరు కదలనప్పుడు, నీరు పెరుగుతోందని చెప్పింది. అమరిక పేజీలో ఈ సంగతి పెద్ద అక్షరాల్లో ఉండవలసింది.

మట్టం కొలతకూ డెరివేటివ్ సెన్సర్‌కూ మధ్యలో ఒక టెంప్లేట్ సెన్సర్ (మనం రాసిన సూత్రం ప్రకారం విలువ ఇచ్చేది) పెట్టాను. అది మట్టానికి ఒక నిమిషం 0.001 కలుపుతుంది, మరుసటి నిమిషం తీసేస్తుంది. కొలతకు తేడా రాదు, కానీ ప్రతి నిమిషమూ లెక్క జరుగుతుంది. ఇప్పుడు మట్టం ఆగిన ఐదారు నిమిషాల్లో వేగం సున్నాకు దిగుతోంది. అయినా మోటారు కాపలాను ఇక దీనికి వదల్లేదు. సంపులో నీరు తగ్గితే కరెంటు ఆపే ఫ్లోట్ స్విచ్ వేసి నేరుగా వైరింగులోనే కలిపించాను.

అయినా డెరివేటివ్ సెన్సర్‌ను తీసేయలేదు. దీని మీద నాకు ఇష్టం మిగలడానికి ఒక కారణం ఉంది. విండో 6 గంటలుగా మరో డెరివేటివ్ సెన్సర్ చేసుకున్నాను. అందరూ నిద్రపోయే వేళ అది గంటకు 0.5 సెంటీమీటర్ల తగ్గుదల చూపించింది. రెండు రాత్రులు అదే అంకె. వెతికితే ఒక ఫ్లష్ ట్యాంకు వాల్వు చప్పుడు లేకుండా కారుతోంది. కంటితో అది ఎన్నటికీ పట్టుకోలేకపోయేవాణ్ణి.

నా సెన్సర్ కరెంటుతో నడుస్తుంది, పది సెకన్లకోసారి కొలత పంపుతుంది. బ్యాటరీతో నడుస్తూ ఎప్పుడో ఒకసారి మాట్లాడే సెన్సర్ మీద దీన్ని పెడితే నా అంకెలు పనికిరాకపోవచ్చు. మీ వెర్షన్‌లో లెక్క తీరు వేరుగానూ ఉండవచ్చు. నియమాలు రాసేముందు మట్టాన్ని ఒక అరగంట కదలకుండా ఉంచి, వేగం సున్నాకు దిగుతుందో లేదో చూసుకోండి.