బోటులో ఎక్కడ కూర్చోవడం మేలు: ఏసీ గదిలోనా, బయటా?

తిరుపతి నుంచి పాపికొండల టూరుకు వెళ్లేటప్పుడు మనవాళ్లు ముందు అడిగేది బోటులో ఏసీ ఉందా అనే. ముసలివాళ్లు, చంటిపిల్లలు వెంట ఉంటే అలా అడగడం సహజమే. ఎండ తగలదు, సీట్లు మెత్తగా ఉంటాయి.

అయినా నేను బయటి సీటే మేలంటాను. బోటు ఒరిగిందంటే మూసిన గదిలో ఉన్నవాళ్లంతా ఒకటి రెండు తలుపుల దగ్గరే చిక్కుకుంటారు. 2014 ఏప్రిల్ 16న దక్షిణ కొరియాలో సెవోల్ అనే ఫెర్రీ ఒరిగిపోతుంటే, ఎక్కడివాళ్లు అక్కడే ఉండమని మైకులో పదేపదే చెప్పారు. ఆ మాట నమ్మి లోపలే ఉండిపోయారు. 304 మంది చనిపోయారు, ఎక్కువమంది టూరుకు బయల్దేరిన స్కూలు పిల్లలే. మన గోదావరిలో, 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర మునిగిన బోటులో 77 మంది ఉంటే 26 మందే బతికారు. ఐదు వారాలు దాటాక బోటును పైకి లాగితే లోపల ఇంకా మృతదేహాలున్నాయి.

లైఫ్‌జాకెట్ ఉందిగా అనుకుంటాం. కానీ గది నీళ్లతో నిండితే ఆ ఫోమ్ జాకెట్టే మనిషిని పైకప్పుకు ఎత్తి పట్టేస్తుంది, కిందికి మునిగి తలుపు దాటడం కష్టం. జాకెట్ ఒంటిమీద ఉండాల్సిందే, మనం మాత్రం బయట ఉండాలి.

బయట అంటే పై అంతస్తు అనుకోవద్దు. ఫొటోల కోసం అందరూ పైకెక్కి ఒక పక్కకు చేరితే బోటు తిరగబడటానికి అదే చాలు. కింది అంతస్తులో, గోడలేని అంచు పక్క సీటు అన్నిటికన్నా మంచిది. అది దొరక్కపోతే తలుపు పక్కది.

పులికాట్ సరస్సులో భీమునివారిపాలెం నుంచి ఇరకం దీవికి వెళ్లే పడవల్లో ఈ సమస్య లేదు, అంతా బయటే. అక్కడ చూడాల్సింది జనం ఎంతమంది ఎక్కారన్నదే. పులికాట్ లోతు తక్కువ, మనకు బావిలో ఈత వచ్చు అనే ధీమా వద్దు. ఇదే సరస్సు తమిళనాడు వైపు 2011 క్రిస్మస్ రోజున పడవ తిరగబడి 22 మంది పోయారు. కిక్కిరిసిన పడవ ఎక్కేకంటే ఇంకో పడవ కోసం ఆగడం మేలు.

పెద్దల జాకెట్ పిల్లలకు తొడిగితే నీళ్లలో తల మీదుగా జారిపోతుంది. కాళ్ల మధ్య పట్టీ ఉన్న చిన్న సైజు ఉందో లేదో టికెట్ కొనకముందే అడగండి.