చేపల తొట్టికి ఏ రంగు బల్బు? నాలుగు దీపాలు వాడి చూశాక

మా ముందుగదిలోని చేపల తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గలది; యాభై లీటర్ల పైచిలుకు నీరు పడుతుంది. అందులో పన్నెండు నియాన్ టెట్రాలు అనే చిన్న చేపలు, చెక్క మొద్దుకు కట్టిన అనూబియాస్, జావా ఫెర్న్, వెనక వరుసలో వాలిస్నేరియా అనే నీటి మొక్కలు ఉన్నాయి. ఏడాదిన్నర కాలంలో ఈ ఒక్క తొట్టి మీద నాలుగు దీపాలు మార్చి చూశాను. మంచినీటి చేపలు, మొక్కలు కలిసి ఉన్న తొట్టికి 6500 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత) తెల్లని వెలుగే సరైనదని నా అభిప్రాయం. అయితే డబ్బా మీద ఆ అంకె ఒక్కటీ చూసి కొంటే సరిపోదు.

మొదట పెట్టింది ఇంట్లో మిగిలిన 3000 కెల్విన్ పసుపు బల్బు. అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు వైపుకు, పెరిగేకొద్దీ నీలం వైపుకు పోతుంది. ఆ బల్బు కింద చెక్క మొద్దు ఎంతో అందంగా కనిపించింది గానీ, మొద్దు నుంచి ఊరిన రంగుకు ఈ పసుపు తోడై నీళ్లు పలచని టీ డికాషన్‌లా తోచేవి. టెట్రాల ఒంటి మీది నీలి చార దాదాపు మాసిపోయింది. ఆ చార రంగు పూసినట్టు ఉండేది కాదు; చర్మంలోని సన్నని పలకలు వెలుగును తిప్పి పంపడం వల్ల పుట్టే మెరుపు. పడే వెలుగులోనే నీలం తక్కువైతే తిరిగి వచ్చేదీ తక్కువే. ఎర్ర బంగారు చేపలు మాత్రమే పెంచేవారికి, గదంతా పసుపు దీపాలే ఉన్నవారికి ఈ రంగు నచ్చవచ్చు, నాకు నచ్చలేదు.

రెండోది ముదురు నీలం దీపం. చేపల రంగు తేలుతుందని, నాచు పట్టదని దుకాణంలో చెబితే నమ్మి తెచ్చాను. ఆ రెండూ నిజం కాలేదు. టెట్రాల నీలి చార వెలిగిన మాట వాస్తవమే, కానీ తోక వైపు ఉండే ఎరుపు మసి పూసినట్టు నల్లబడింది, మొక్కలు నీడల్లా మిగిలాయి. కంటికి మసకగా ఉండడంతో రోజుకు పన్నెండు గంటలు వెలిగించేశాను. నెల తిరగకముందే ముందరి అద్దం మీద పచ్చటి పాకుడు పట్టింది. కంటికి మసకగా ఉన్నా, పత్రహరితం బాగా పీల్చుకునే వెలుగుల్లో నీలం ఒకటి, ఎరుపు ఇంకొకటి. ఆ నీలాన్ని మొక్క ఎంత వాడుకుంటుందో నాచూ అంతే వాడుకుంటుంది. నీలి దీపానికి అసలైన చోటు పగడాలు పెంచే సముద్రపు నీటి తొట్టి. నీటి లోతు పెరిగేకొద్దీ ఎరుపు ముందుగా ఇంకిపోయి నీలం మిగులుతుంది కనుక, పగడాల ఒంట్లో బతికే సూక్ష్మ శైవలాలు (కంటికి కనబడని నాచు) ఆ వెలుగుకు అలవాటుపడ్డాయి. అడుగు లోతు మంచినీటి తొట్టికి ఆ లెక్క వర్తించదు.

మూడోది వంద రూపాయల లోపు దొరికిన 9 వాట్ల, 6500 కెల్విన్ మామూలు ఎల్ఈడీ బల్బు. మధ్యాహ్నపు వెలుగుకు దగ్గరగా ఉండే ఈ తెలుపులో నీళ్లు తేటగా, ఆకులు పచ్చగా కనిపించాయి. వాలిస్నేరియా పక్క పిలకలు కూడా వేసింది. అయినా చేపల ఎరుపు వెలిసిన గుడ్డలా ఉండడం నన్ను చాలా రోజులు బాధించింది. దానికి కారణం వెతికాకే అసలు సంగతి తెలిసింది. కెల్విన్ అంకె చెప్పేది ఆ తెలుపు మన కంటికి ఎలా కనిపిస్తుందన్నదే తప్ప, అందులో ఏ రంగు ఎంత కలిసి ఉందన్నది కాదు. తెల్ల ఎల్ఈడీలో నిజానికి ఉండేది నీలి దీపం. దాని మీది పసుపు పొడి పూత కొంత నీలాన్ని మింగి మిగతా రంగులను ఇస్తుంది. చవక బల్బులో ముదురు ఎరుపు కొరవడుతుంది. రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే కొలతను సీఆర్ఐ అంటారు. మామూలు బల్బులకు అది వందకు 80 దగ్గర ఉంటుంది.

నాలుగోది, ఇప్పుడు వెలుగుతున్నది, అంచుకు బిగించే అక్వేరియం దీపం: 6500 కెల్విన్, సీఆర్ఐ 90. ధర ఆ బల్బుకు పదింతలకు పైనే. పెట్టిన మొదటి సాయంత్రమే టెట్రాల ఎరుపు, నీలం రెండూ ఒకేసారి కనిపించాయి. ఆ ఖర్చు నాకు భారమనిపించలేదు. అయితే అనూబియాస్ పెరుగుదలలో మూడో బల్బుకూ దీనికీ నాకు తేడా కనిపించలేదు. తక్కువ వెలుగుతో బతికే మొక్కలు మాత్రమే ఉన్నవారు చవక బల్బుతో నిశ్చింతగా సరిపెట్టుకోవచ్చు. రిమోటుతో ఊదా, గులాబీ రంగులు మార్చే దీపాలు మాత్రం ఎవరికీ సూచించను.

నాచు సంగతి రంగుతో తేలలేదు, గంటలతో తేలింది. టైమరు పెట్టి రోజుకు ఏడు గంటలకు కుదించి, వారానికోసారి పావు వంతు నీరు మారుస్తున్నాక, వారానికి రెండుసార్లు తుడిచే అద్దాన్ని ఇప్పుడు రెండు వారాలకోసారి తుడిస్తే చాలుతోంది. చీకటి గదిలో తొట్టి దీపం ఒక్కసారిగా వెలిగితే చేపలు బెదిరి అద్దానికి కొట్టుకుంటాయి కనుక, గది దీపం వేసిన పది నిమిషాలకు అది వెలిగేలా టైమరును అమర్చాను. మామూలు బల్బు వాడేవారు దానికీ నీటికీ మధ్య అద్దపు మూత తప్పక ఉంచాలి. వైరును ప్లగ్గు కన్నా కిందికి ఒక వంపుగా వేలాడనిస్తే, దాని వెంట జారే నీటిబొట్టు ప్లగ్గులోకి పోకుండా ఆ వంపు దగ్గరే నేల మీద పడుతుంది.