రబ్బరుబ్యాండు కారు: ఎండలూ వానలూ దాటించాక

ముందుగా తీర్పు చెప్పేస్తే చదివేవాళ్లకు సౌకర్యం. ఇంట్లో దొరికే సామానుతో చేసుకునే రబ్బరుబ్యాండు కారు, అంటే చట్రం ముందు కొసకు తగిలించిన బ్యాండు వెనక ఇరుసు మీంచి విప్పుకుంటూ చక్రాలను తిప్పే బొమ్మబండి, నిక్షేపంగా చేసుకోదగ్గదే. అయితే వీడియోల్లో చూపించినట్టు లావుపాటి బ్యాండ్లు రెండు మూడు కలిపి బిగించి, దుమ్ము రేపుకుంటూ పోతుందని ఆశపడేవాళ్లకు మాత్రం అది ఒక్క సాయంత్రపు ముచ్చటే. మా ఇంట్లో ఈ కారు చాలాకాలంగా తిరుగుతోంది. చక్రాలు మారాయి, ఇరుసు మారింది, చట్రం కూడా మారింది. ఇన్నాళ్లూ ఆడించాక తేలిందేమిటంటే, బలం చాలక ఈ బండి ఆగిపోవడం అరుదు. బలం ఎక్కువై పాడవడమే ఎక్కువ.

మేముండేది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో. వార్ధా నది అవతల రాజురా, అది దాటి కొంత దూరం పోతే తెలంగాణ. కాగితం మిల్లు, బొగ్గు గనులు, రైల్వే పుణ్యమా అని మా వీధిలో చాలా ఇళ్లలో తెలుగే వినిపిస్తుంది. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వార్త కాదు. పొద్దెక్కాక పిల్లలను గడప దాటనివ్వం కాబట్టి మా అమ్మాయి, అన్నయ్య కొడుకు, పక్కింటి మరాఠీ పిల్లలు అందరూ మా వరండాలోనే చేరతారు. ఆ గోల భరించలేకే ఈ కారు మొదలుపెట్టాం.

చట్రానికి అందరిలాగే మొదట అట్టపెట్టె ముక్క వాడాం. జానెడు పొడవు, అందులో సగం వెడల్పు చాలు. అట్ట పొరల మధ్య ముడతలు ముడతలుగా ఒక కాగితం ఉంటుంది కదా, ఆ ముడతల గీతలు కారు పొడవునా వచ్చేలా కోయాలి. అడ్డంగా వస్తే రబ్బరు లాగిన ప్రతిసారీ అట్ట మధ్యలో వంగిపోయి ఇరుసులు ఎడాపెడా తిరుగుతాయి. వేసవి అంతా అట్ట బాగానే పనిచేసింది. జులై వానలు పట్టుకున్నాక మెత్తబడి, జిగురు ఊడి, నానిన అప్పడమైపోయింది. అప్పుడు వెదురుకు మారాం. మా జిల్లాలో వెదురుకు కరువు లేదు, చిచ్‌పల్లిలో వెదురు పరిశోధన, శిక్షణ కేంద్రమే ఉంది. బుట్టలు అల్లేవాళ్లు పక్కన పడేసిన బద్దలు రెండు అడిగి తెచ్చుకుని, వాటి మీద ఐస్‌క్రీమ్ పుల్లలు అడ్డంగా పెట్టి దారంతో బిగించాం. రెండు బద్దల మధ్య ఖాళీలోంచి రబ్బరు పోతుంది. ఆ చట్రం ఇప్పటికీ అదే. మీ ఊళ్లో వెదురు దొరక్కపోతే విరిగిన పరీక్ష ప్యాడ్ ముక్క కూడా పనికొస్తుంది, కాకపోతే బరువు.

ఇరుసుకు కబాబులు గుచ్చే వెదురు పుల్ల. మందం 3 మిల్లీమీటర్లు ఉంటుంది. మొన రెండు వైపులా కత్తిరించి గరుకు కాగితంతో రుద్దాలి, లేదంటే చిన్నపిల్లల చేతుల్లో అది చిన్న శూలమే. సైకిల్ ఊచ ఇంకా సన్నగా, నున్నగా ఉంటుంది కదా అనిపిస్తుంది. అనిపించడం వరకే. ఇనుము మీద జిగురు పట్టదు. నాలుగు పరుగులయ్యాక ఇరుసు తిరుగుతుంది, చక్రం నిలబడి చూస్తుంది. వెదురు పీచులోకి జిగురు ఇంకుతుంది కాబట్టి చక్రం కదలదు.

ఆ ఇరుసు తిరగడానికి గొట్టాలు కావాలి. పాత వీడియోలన్నీ ప్లాస్టిక్ స్ట్రాలు వాడమంటాయి. 2022 జులై 1 నుంచి వాటిని దేశమంతటా నిషేధించారు. వాటి బదులు వచ్చిన కాగితం స్ట్రాల లోపలి పొర ఇరుసు రాపిడికి పీచుపీచుగా లేస్తుంది. సిరా అయిపోయిన బాల్‌పెన్ను బయటి గొట్టాన్ని రంపపు బ్లేడుతో ముక్కలు చేసి కట్టడం అన్నిటికంటే మేలు. ఇరుసు అందులో కాస్త వదులుగా ఆడుతున్నా ఫర్వాలేదు, బిగుతుగా ఉండటమే చేటు. చక్రం పక్కకు జరిగి గొట్టానికి రాసుకోకుండా సైకిల్ వాల్వు ట్యూబు (గాలి కొట్టే వాల్వుకు తొడిగే సన్నని రబ్బరు గొట్టం) ముక్క ఒకటి మధ్యలో తొడగాలి. ఈ వాల్వు ట్యూబు ముక్కలతోనే అరవింద్ గుప్తా అగ్గిపుల్లలను కలిపి పిల్లల చేత త్రిభుజాలు, ఘనాలు చేయించేవారు. 2018లో పద్మశ్రీ అందుకున్న ఆయన పుణెలో ఉండి చాలా ఏళ్లు ఇలాంటి బొమ్మల మీదే పనిచేశారు. పంక్చర్ల దుకాణంలో అడిగితే ఆ ట్యూబు మూరెడు ఇస్తారు, పాత చక్రం ట్యూబు ముక్క ఉచితం. రెండూ తెచ్చుకోండి, రెండోదాని అవసరం కింద వస్తుంది.

ఇక చక్రాలు. నీళ్ల సీసా మూతలు, జాడీ మూతలు, పాత సీడీలు మూడూ వాడి చూశాం. కొంచెం లెక్క వేస్తే తేడా తెలుస్తుంది. 3 మిల్లీమీటర్ల ఇరుసు చుట్టూ ఒక చుట్టుకు 9.4 మిల్లీమీటర్ల రబ్బరు పడుతుంది. రబ్బరు 20 సెంటీమీటర్లు సాగేలా చుడితే దాదాపు 21 చుట్లు. సీసా మూత అడ్డుకొలత 3 సెంటీమీటర్లు, ఒక చుట్టు తిరిగితే 9.4 సెంటీమీటర్లు కదులుతుంది. అంటే రబ్బరు విప్పుకునేసరికి కారు 2 మీటర్లు పోతుంది. 12 సెంటీమీటర్ల సీడీ అయితే ఒక చుట్టుకు 37.7 సెంటీమీటర్లు, మొత్తం 8 మీటర్లకు కాస్త తక్కువ. ఆ తర్వాత ఊపు మీద పోయేది అదనం. చుట్టు మీద చుట్టు పడితే ఇరుసు లావెక్కుతుంది కాబట్టి అసలు దూరం కొంత తగ్గుతుంది. మొత్తానికి కాగితం మీద సీడీదే గెలుపు.

నేల మీద అలా కాదు. రబ్బరు లాగే బలం చక్రం అంచుకు చేరేసరికి ఇరుసు కొలత, చక్రం కొలతల నిష్పత్తిలో తగ్గిపోతుంది. సీసా మూత దగ్గర పదో వంతు, సీడీ దగ్గర నలభయ్యో వంతు. నునుపైన టైల్సు మీద ఆ నలభయ్యో వంతే చాలు, హాయిగా పోతుంది. మా వరండాలోవి షాబాదు బండలు. బండకూ బండకూ మధ్య సందు వస్తే చాలు, సీడీ బండి అక్కడే మొరాయిస్తుంది. పైగా సీడీ అంచు మందం 1.2 మిల్లీమీటర్లే, గోడకు గుద్దుకుంటే పగుళ్లు వచ్చి కత్తిలా తయారవుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దనే చెబుతాను. ఊరగాయ జాడీల ప్లాస్టిక్ మూతలు, 7 సెంటీమీటర్లవి, వెనక చక్రాలకు సరిగ్గా సరిపోయాయి. నిష్పత్తి సుమారు 23వ వంతు, దూరం నాలుగున్నర మీటర్లు. ముందు చక్రాలకు సీసా మూతలు చాలు. చాలా ప్లాస్టిక్ మూతలకు నడిమధ్యన పోత పోసినప్పటి చిన్న చుక్క ఉంటుంది. ఎర్రగా కాల్చిన మేకును ఆ చుక్క మీదే గుచ్చితే చక్రం ఊగకుండా తిరుగుతుంది. ఈ పని మాత్రం పెద్దవాళ్లే చేయాలి.

బలం సంగతికి వస్తాను. మా అన్నయ్య కొడుకుకు ప్రతిసారీ ఒకటే కోరిక: "చిన్నాన్నా, ఇంకో బ్యాండు వేద్దాం." వేశాం. వదలగానే వెనక చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగాయి, రబ్బరులో దాచిన బలమంతా బండ మీద రాపిడికే పోయింది, కారు మాత్రం బారెడు కూడా కదల్లేదు. సైకిల్ ట్యూబును వేలెడు వెడల్పున కోసి చక్రాలకు టైరులా తొడిగితే, వెనక ఇరుసు పైన ఒక నాణెం అంటిస్తే పట్టు పెరుగుతుంది. దానికీ హద్దు ఉంది. పట్టు మరీ పెరిగి బలం కూడా పెరిగితే ముందు చక్రాలు పైకి లేచి బండి వెల్లకిలా పడుతుంది. పొడవుగా, సన్నగా, మెత్తగా ఉండే బ్యాండు ఒక్కటి, లేదా అలాంటివి రెండు కొసకు కొస ముడివేసినవి, పక్కపక్కన రెండు లావువాటికంటే ఎప్పుడూ దూరం పోయాయి. పక్కపక్కన వేస్తే లాగే బలం రెట్టింపవుతుంది, కొసకు కొస కలిపితే సాగే పొడవు రెట్టింపవుతుంది. మనకు కావలసింది రెండోదే. వాడికి ఇది ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఇరుసు మీది కొక్కెం గురించి ఎవరూ సరిగా చెప్పరు. బ్యాండును ఇరుసుకు ముడివేయకూడదు. అగ్గిపుల్ల ముక్కను ఇరుసుకు దారంతో చుట్టి, ఫెవికాల్ పూసి, కొస కొంచెం బయటికి పొడుచుకొచ్చేలా ఉంచాలి. బ్యాండు ఉంగరాన్ని దానికి తగిలించి కారును వెనక్కి నడిపిస్తే చుట్టుకుంటుంది. వదిలాక విప్పుకుంటూ వచ్చి చివర్లో ఉంగరం దానంతట అదే జారిపోతుంది, అక్కడినుంచి చక్రాలు స్వేచ్ఛగా దొర్లుతాయి. ముడివేస్తే రబ్బరు అటువైపు మళ్లీ చుట్టుకోవడం మొదలై కారుకు తనే బ్రేకు వేస్తుంది, ఒక్కోసారి వెనక్కి కూడా లాగుతుంది.

రబ్బరుబ్యాండు నిలవ ఉండే సరుకు కాదు. 1845 మార్చి 17న లండన్‌లో స్టీఫెన్ పెర్రీ దీనికి పేటెంటు తీసుకున్నది కాగితాలు, కవర్లు కట్టి ఉంచడానికి. పరుగు పందేలు ఆయన ఊహలో లేవు. అలాగని రబ్బరుతో బొమ్మలు నడపడం కొత్తేమీ కాదు. 1871లో ఆల్ఫోన్స్ పెనో పారిస్‌లో మెలితిప్పిన రబ్బరుతో బొమ్మ విమానాన్ని ఎగరేశాడు. మా ఎండలకు కిరాణా పొట్లాలతో వచ్చే బ్యాండ్లు కిటికీలో వారం ఉంటే చాలు, ఒకవైపు జిగటగా, మరోవైపు గట్టిపడి పగుళ్లతో తయారవుతాయి. వేడి, వెలుతురు, గాలిలోని ఓజోను మూడూ రబ్బరుకు శత్రువులే. టాల్కమ్ పౌడరు చల్లి, మూతగల డబ్బాలో, చీకటి అరలో పెడితే చాలాకాలం వస్తాయి. చుట్టిన కారును రాత్రంతా అలాగే వదిలేస్తే తెల్లారేసరికి బ్యాండు సడలిపోయి ఉంటుంది. ఇక్కడ పిల్లలకు ఒకటి చూపించండి. లావుపాటి బ్యాండును పెదవికి ఆనించి ఒక్కసారి లాగితే వెచ్చగా తగులుతుంది, అలాగే కాసేపు పట్టుకుని వదిలేస్తే చల్లబడుతుంది. జాన్ గాఫ్ అనే ఆయన 1805లోనే ఈ సంగతి రాసిపెట్టాడు. మనం పెట్టిన బలంలో కొంత ఇలా వేడిగా పోతుందన్నమాట. కళ్లకు దగ్గరగా మాత్రం లాగనివ్వకండి, పాతబడిన బ్యాండు తెగితే చురుక్కుమంటుంది. బాగా చిన్నపిల్లలకు విడి బ్యాండ్లు అసలు ఇవ్వకూడదు, నోట్లో పెట్టుకుంటారు.

నూనె వేయాలా అని అడుగుతుంటారు. వద్దు. బొగ్గు గనులు, థర్మల్ కేంద్రం ఉన్న జిల్లా మాది, కిటికీ గడప మీద రోజూ నల్లటి ధూళి తుడవాల్సిందే. ఆ ధూళి నూనెతో కలిసి గొట్టంలో ముద్దలా పేరుకుంటుంది, నూనె రబ్బరుకు తగిలితే అదీ ఉబ్బి పాడవుతుంది. ఇరుసుకు కొవ్వొత్తి రుద్దడం చాలు.

వెనక్కి లాగి వదిలితే పరుగెత్తే కొన్న కారు కూడా మా ఇంట్లో ఉంది. వేగంలో దానికి ఇది సాటిరాదు, చూడటానికీ అదే అందం. కానీ దాని లోపలి పళ్లచక్రం ఒకటి అరిగాక అది తెరవడానికి వీల్లేని డబ్బా అయిపోయింది. ఇక్కడ "కాకా, రబర్ తుటలా" (బాబాయ్, రబ్బరు తెగింది) అని పక్కింటి పిల్లవాడు అరిచేలోపు మా అమ్మాయి కొత్త బ్యాండు తగిలించేస్తుంది.

మిగిలిన లోపం ఒకటే, వంకరగా పోవడం. ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే నాలుగు మీటర్లలో మూరెడు పక్కకు లాగేస్తుంది. గొట్టాలు అంటించేముందు రెండు ఇరుసుల మధ్య దూరాన్ని కుడివైపు, ఎడమవైపు స్కేలుతో కొలవాలి. వెదురు చట్రంలో ముందు గొట్టాన్ని జిగురుతో కాక దారంతోనే కట్టి ఉంచితే, ఎటు పోతోందో చూసి ఆ కట్టును కొంచెం జరిపి సరిచేసుకోవచ్చు.