బొర్రా దారిలో బొంగు చికెన్: 5కి 4

బొర్రా గుహలు చూసి మెయిన్ రోడ్డుకి వస్తుంటే మలుపు దగ్గర నీలం టార్పాలిన్ కట్టిన దుకాణం. బోర్డు లేదు, నిప్పుల మీద పేర్చిన పచ్చి బొంగులే గుర్తు. అరకేజీ 250 రూపాయలు.

నూనె చుక్క వేయరు. ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి పట్టించిన ముక్కల్ని బొంగులో కూరి, మూతికి అడ్డాకు కుక్కుతారు. పచ్చి బొంగు కదా, పైన నల్లగా మాడినా లోపల అంటుకోదు. డొప్పలోకి వంచితే ముందు గుప్పున ఆవిరి, తర్వాత ముక్కలు, చివర్లో రెండు చెంచాల రసం. ఆ రసం కోసమే మళ్లీ వెళ్తాను. ముందురోజు ఒక రిసార్టులో ఇదే పేరు చెప్పి 480 తీసుకుని పెట్టింది, కుక్కర్లో ఉడికించి బొంగులో పోసిన మామూలు కూర.

నేను విశాఖలో లారీ ట్రాన్స్‌పోర్టు గుమాస్తాని. అడవి సరుకు కనబడితే ముందు పర్మిటే గుర్తొస్తుంది. అందుకే అడిగాను: "రోజూ ఇన్ని బొంగులు నరుకుతున్నారు, ఫారెస్టోళ్లు ఏమీ అనరా అమ్మా?"

"మా కొండ వెదురే బాబూ. ఊరికి కాగితం ఉంది. మా నాన్న రోజుల్లో అయితే కత్తి కూడా లాక్కునేవారు" అంది బొంగు తిప్పుతూ.

కాగితం అంటే 2006 అటవీ హక్కుల చట్టం కింద ఊరికిచ్చే సామూహిక హక్కు పత్రం. ఆ చట్టం వెదురుని తేనె, మైనం, లక్క, తునికాకులతో పాటు చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. తరతరాలుగా తెచ్చుకుంటున్న వాటిని తెచ్చుకోవడమే కాదు, అమ్ముకునే యాజమాన్య హక్కూ వాళ్లదే. 2012లో రూల్స్ మార్చాక రవాణా పర్మిట్ ఇవ్వాల్సింది కూడా గ్రామసభ వేసిన కమిటీయే. ఇన్నేళ్లు పర్మిట్లు తిరగేసిన నాకు ఈ సంగతి చికెన్ తినబోతే తెలిసింది!

మా బావమరిదికి వెంటనే వ్యాపారం ఆలోచన వచ్చేసింది, ఇక్కడ కాస్త జాగా కొని షెడ్డు వేద్దామని. "వన్ ఆఫ్ సెవెంటీ తెలీదా బాబూ?" అని ఆమె నవ్వింది. ఏజెన్సీలో, అంటే షెడ్యూల్డ్ ప్రాంతంలో, భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదనే చట్టం అది. సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997 నాటి సమత తీర్పు వచ్చింది ఈ అనంతగిరి మండలం గనుల లీజుల మీదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు కంపెనీలకి గనులకు లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు తేల్చేసింది. కంపెనీలకే దక్కని చోట మా వాడి షెడ్డట!

నలభై నిమిషాలు ఆగాలి, పొగకి కళ్లు మండుతాయి. సిగ్నల్ లేదు, ఫోన్‌పే నమ్ముకుని వెళ్లకండి. స్టార్ తగ్గించింది మాత్రం ఉప్పుకి, కాస్త చెయ్యి జారింది.

ఖాళీ బొంగొకటి పెన్నులు పెట్టుకోడానికి అడిగితే కడిగి ఇచ్చింది. డబ్బులు వద్దంది.

"పర్మిట్ రాసివ్వమంటారా బాబూ?"