ఆర్కైవ్ డాట్ ఆర్గ్: ముత్తాతగారి ఉద్యోగం దొరుకుతుంది, ఇంటి సంగతులు దొరకవు

ఒడిషాలోని బరంపురం, పర్లాకిమిడి, జయపురం తెలుగిళ్లలో చాలాచోట్ల గోడమీద తలపాగాతో ఒక ఫొటో ఉంటుంది. అడిగితే "పీడబ్ల్యూడీలో ఇంజనీరు" అంటారు, అంతకుమించి ఎవరికీ తెలియదు. అలాంటి మనిషి జాడ తియ్యడానికి, పాత పుస్తకాల స్కాన్లు దాచిపెట్టే ఆర్కైవ్ డాట్ ఆర్గ్ అనే ఈ సైటు ఉచితం. వాడుక తెలిస్తే బాగా పనికొస్తుంది, తెలియకపోతే "ఫలితాలు లేవు" అంటుంది.

ఒడిషా అని వెతక్కండి. 1936 ఏప్రిల్ 1 దాకా బరంపురం, పర్లాకిమిడి ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే, జయపురం సంస్థానం విశాఖ జిల్లాలోది. వెతకాల్సింది మద్రాసు సివిల్ లిస్టులు (ప్రభుత్వ ఉద్యోగుల పట్టికలు), గెజిటెడ్ ఉద్యోగుల 'హిస్టరీ ఆఫ్ సర్వీసెస్' సంపుటాలు. రెండోది అసలు నిధి: ఏ తేదీ నుంచి ఏ ఊళ్లో, ఏ హోదాలో ఉన్నారో, సెలవు ఎప్పుడు పెట్టారో వరసగా ఉంటుంది.

ఊళ్ల పేర్లు ఆనాటివే కొట్టాలి. శ్రీకాకుళం అప్పట్లో చికాకోల్, భంజనగర్ రసెల్‌కొండ. మనిషి పేరుతోనే అసలు చిక్కు. ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమై ఉంటుంది. 'రావు'కి ఇంగ్లీషులో ఆర్, ఓ, డబ్ల్యూ రాసేవారు. పేరు ముందు మ.రా.రా.శ్రీ.కి (మహారాజరాజశ్రీ) సరిపడే ఎం.ఆర్.ఆర్‌వై., చివర గారు, పంతులు, అవర్గళ్ (తమిళంలో 'గారు'). స్కాన్ చదివే యంత్రం 'ఆర్'ని 'బి'గా తీసుకుంటే పేరే మారిపోతుంది, పట్టికల్లో వరసలు కలిసిపోతాయి. అందుకే పేరుతో కాక ఊరు, హోదా కొట్టి, పుస్తకం చివరి సూచిక చూసి, ఆ పేజీ తిప్పి కళ్లతోనే చదవాలి. అచ్చులో పేజీ అంకెకీ స్కాన్ అంకెకీ ముందుమాట పేజీలంత తేడా ఉంటుందని మరవొద్దు.

సైటు మొదటి పేజీలో వెతుకులాట మామూలుగా పుస్తకం వివరాల్లోనే జరుగుతుంది. 'టెక్స్ట్ కంటెంట్స్' ఎంచుకుంటేనే లోపలి పాఠంలోకి వెళ్తుంది. ఫోన్ డేటా తక్కువైతే పీడీఎఫ్ వద్దు, 'ఫుల్ టెక్స్ట్' దించుకోండి. కొన్ని స్కాన్లకు శీర్షికలు తప్పు, మధ్యలో పేజీలు మాయం. పక్క సంవత్సరం సంపుటం చూస్తే చాలావరకు తీరుతుంది.

ఎవరు దొరకరో ముందే తెలుసుకుంటే రోజులు మిగులుతాయి. ఓవర్సీర్లు గెజిటెడ్ కారు కాబట్టి ఆ సంపుటాల్లో ఉండరు. ఇంట్లో "ఇంజనీరు" అని చెప్పుకునేవారిలో ఓవర్సీర్లూ ఉంటారు, నొచ్చుకోవద్దు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఒక కంపెనీ. 1900లో నౌపడా నుంచి నడిచిన పర్లాకిమిడి చిన్నరైలు రాజావారిది. వీటిలో పనిచేసినవారిని మద్రాసు లిస్టుల్లో వెతకడం దండగ.

కుటుంబం సంగతికొస్తే సైటు చేతులెత్తేస్తుంది. భార్య, పిల్లల ఊసే ఉండదు. అక్కడ మన తద్దినాలే మేలు: తర్పణంలో గోత్రంతో పాటు మూడు తరాల పేర్లు చెబుతారు. పురోహితుడిని అడిగి అవి రాసుకుని, పాత శుభలేఖలతో సరిచూసుకుని, ఆ తరవాతే సైటు తెరవండి. పొడి అక్షరాలు ఒకటే అయిన ఇద్దరు రామారావులు ఎదురైతే విడదీసేది ఆ చీటీయే. అసలు దస్త్రాలు కావాలంటే 1936కి ముందువాటికి చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్, తరవాతివాటికి భువనేశ్వర్‌లోని ఒడిషా స్టేట్ ఆర్కైవ్స్.

ఉద్యోగ చరిత్రకు ఈ సైటుకి ఐదుకి నాలుగు మార్కులు. వంశవృక్షానికి ఒకటి, అదీ దయతలచి.