అడవి ఆముదమా, ఇథనాలా: ఏది నిలబడింది, ఎందుకు?

2003లో రెండూ పక్కపక్కనే మొదలయ్యాయి. తొమ్మిది రాష్ట్రాల్లో పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలపడం ఒకటి. డీజిల్ కోసం బీళ్లలో అడవి ఆముదం (జట్రోఫా) పెంచాలన్న ప్రణాళికా సంఘం కమిటీ సిఫారసు రెండోది. విమర్శకు తావు తక్కువున్నది రెండోదానికే. అది తిండిగింజ కాదు, మాగాణి అడగదు, పశువులు ముట్టవు. చివరికి మూలపడింది అదే.

కారణం లెక్కలోనే ఉంది. చెట్టు కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. కాయలన్నీ ఒకేసారి పండవు, కాబట్టి విడతలుగా ఏరాలి, ప్రతి విడతకూ కూలి. లీటరు బయోడీజిల్‌కు మూడు నాలుగు కిలోల గింజలు కావాలి. 2006లో చమురు కంపెనీల కొనుగోలు ధర లీటరుకు 25 రూపాయలు. గింజ కిలో ఆరు రూపాయలనుకున్నా దానికే ఇరవై దాకా పోతుంది. నూనెను డీజిల్‌గా మార్చే మిథనాల్, కాస్టిక్ సోడా, కరెంటు ఖర్చు ఆపైన. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొగ్గుచూపిన కానుగకైతే కాపు ఇంకా ఆలస్యం. పథకం ఆగితే నష్టపోతామని రోడ్డెక్కేంత పెట్టుబడి ఎవరికీ లేదు.

ఇథనాల్ మీద తిట్లకు కొదవ లేదు: తిండిగింజలు తగలేస్తున్నారు, నీళ్లు తాగేస్తోంది, మైలేజీ పడిపోతోంది. అయినా నిలిచిందంటే ముందుగా చెప్పాల్సింది ముడిసరుకు మార్చుకునే వెసులుబాటు. 2023 జులైలో ఇథనాల్‌కు ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) బియ్యం ఆగింది, డిసెంబరులో చెరకు రసంపై ఆంక్షలు వచ్చాయి. ఆ ఖాళీలోకి మొక్కజొన్న వచ్చింది. టన్నుకు సుమారు 380 లీటర్లు ఇస్తుంది, దాని ఇథనాల్‌కు వేరే కొనుగోలు ధర ఉంది. అయితే మొలాసిస్ (చక్కెర మిల్లులో మిగిలే మడ్డి) ప్లాంటు అలా ఉన్నపళంగా మొక్కజొన్నకు మారలేదు. పిండిమర, పిండిని ఎంజైములతో చక్కెరగా మార్చే ట్యాంకులు, పిప్పిని ఆరబెట్టే డ్రయ్యరు కావాలి. అప్పు తెచ్చి అవన్నీ పెట్టుకున్నవాళ్లే ఇప్పుడు ఈ విధానానికి కాపలా.

నష్టం మాత్రం పలుచగా పరుచుకుంటుంది. ఇథనాల్ లీటరులో శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. పాత కార్లకు ఇ20తో (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) మైలేజీ 6-7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా. నెలకు రెండు వేల పెట్రోలు కొట్టించేవాడికి అది 120-140 రూపాయలు. దానికోసం ధర్నా ఎవరు చేస్తారు? ఇ20పై వేసిన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది. నష్టం ఒక్కచోట గుమిగూడితే కథ వేరు. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ రైతుల ఆందోళనతో ఇథనాల్ ఫ్యాక్టరీ పనులు ఆగాయి. ఆగింది ఫ్యాక్టరీ, విధానం కాదు.

విధానంగా కట్టుదిట్టమైనది ఇథనాలే. వాహనదారుడికి న్యాయమైనదా అంటే, కాదు. ఇథనాల్ ఎక్కువ కలిపిన పెట్రోలును మామూలు పెట్రోలు కంటే తక్కువకు అమ్మాలని ఆ నీతి ఆయోగ్ నివేదికే సూచించింది. బంకు రేటులో ఆ తగ్గింపు రాలేదు.