కంబీ ఒడ్డున అమ్మ

మెమోరియల్ డే సెలవులకు అమ్మను కూడా తీసుకుని అట్లాంటా నుంచి సౌత్ కరొలైనాలోని బ్యూఫర్ట్ వెళ్లొచ్చాం. ప్రయాణం హాయిగా సాగింది.

మోటల్ మాత్రం మోసం. ఆన్‌లైన్‌లో రాత్రికి 119 డాలర్లన్నారు. తీరా వెళ్లాక శుభ్రతకని 28, పార్కింగ్‌కని 12 కలిపారు. గదిలో ఏసీ నీళ్లు కారి కార్పెట్ అంతా ముక్కిపోయిన వాసన. వేరే గది అడిగితే లేదన్నారు. రాత్రంతా అమ్మకు తుమ్ములే. "పోనీలే" అన్నారు మావారు. నాకు ఒళ్లు మండిపోయింది. బుక్ చేసేముందు ఫోన్ చేసి, అన్నీ కలిపి ఎంతో ఈమెయిల్‌లో రాయించుకోండి.

మర్నాడు టాబర్నకిల్ బాప్టిస్ట్ చర్చి దగ్గర హారియట్ టబ్మన్ విగ్రహం చూశాం. మేరీలాండ్‌లో బానిసగా పుట్టి, 1849లో పారిపోయిన మనిషి. అంతర్యుద్ధంలో బ్యూఫర్ట్ నుంచే ఉత్తరాది సైన్యానికి వేగులను నడిపింది. కంబాహీ నదిలో శత్రువులు బాంబులు ఎక్కడ దించారో ఆ వేగులకు చెప్పింది అక్కడి పొలాల్లోని బానిసలే. 1863 జూన్ 2న స్టీమర్లు ఆ నది ఎక్కి వెళ్లి 700 మందికి పైగా విడిపించుకొచ్చాయి.

మా గైడ్ స్థానిక గల్లా ఆవిడ, అంటే ఈ తీరాన పనిచేసిన ఆఫ్రికన్ బానిసల సంతతి. మనిషికి 40 డాలర్లు, ఇంకో పది ఇచ్చినా తప్పులేదు. ఆ నదిని 'కంబీ' అనాలని నేర్పింది. స్టీమర్లు వచ్చిన ఆ రోజు ఒకామె పొయ్యి మీంచి దించిన అన్నం గిన్నె పొగలు కక్కుతుండగానే నెత్తిన పెట్టుకుని, వీపున బిడ్డతో పడవ దగ్గరికి పరిగెత్తిందట. "అయ్యో తల్లీ, మాడు కాలిపోదూ!" అంది అమ్మ. తర్వాత చాలాసేపు నీళ్లకేసి చూస్తూ ఉండిపోయింది.

యుద్ధకాలంలో టబ్మన్ చేతికొచ్చింది 200 డాలర్లు. దాంతో విడుదలైన ఆడవాళ్లు బట్టలుతికి సంపాదించుకునేలా ఓ షెడ్డు కట్టించింది. తన తిండికి మాత్రం రాత్రుళ్లు పైలనే పిండివంటలు కాల్చి అమ్మించుకుంది. 1899లో ఆమె నెల పెన్షన్ 8 నుంచి 20 డాలర్లకు పెంచారు, అదీ నర్సు పనికని. వేగుపని మాటే లేదు. ఇది విన్నప్పుడు మోటల్ మీదకంటే ఎక్కువ కోపమొచ్చింది నాకు.

ఊళ్లో రొయ్యలతో ఎర్రన్నం 17 డాలర్లు. అమ్మ రెండోసారి వడ్డించుకుంది. టబ్మన్ పేరు పెట్టిన వంతెన మీద కారు ఆపకండి, పక్కనే పడవలు దించే రేవుంది. పొద్దున ఏడులోపే వెళ్లండి, దోమల మందు రాసుకుని.